నూటికి నూరు

పదవ తరగతి ఫలితములు వెలువడినంతనే పత్రికల పుటలు ప్రయివేటు పాఠశాలల ప్రకటనలతో నిండిపోవుచున్నవి. ఏ బడిలో నూటికెందరు ఉత్తీర్ణులైరో చూచి తలిదండ్రులు తమ బిడ్డలను ఎచ్చట చేర్పవలయునో నిర్ణయించుకొనుచున్నారు. వారిని తప్పుపట్టుటకు వీలులేదు. వారిచేతికిచ్చిన తూనిక అదియొక్కటే. ఆ తూనికయే తప్పని మా యభిప్రాయము. ప్రకటనదారులకు కోపము రావచ్చును.

చదువుకొన్న తలిదండ్రులును, కూర్చుండుటకొక బల్లయు గల బాలుడొకడు. మిరపకోతల కాలమున తల్లివెంట చేనికి పోవు బాలిక యొకతె. ఇరువురి మార్కులను ప్రక్కప్రక్కన వ్రాసి, ఆ తేడానంతయు ఉపాధ్యాయుని ఖాతాలో వేయుట యేపాటి లెక్క?

ఈ సంశయమును తీర్చు పరిశోధన మన పల్లెలలోనే జరిగినది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 180 గ్రామములలో ఆరంభమైన ఆ ప్రయత్నములో, ప్రయివేటు బడికి పోగోరిన పేద పిల్లల పేర చీట్లు తీసి, చీటి దక్కినవారికి ఫీజు చెల్లించి పంపిరి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గారలు నాలుగేండ్ల ఫలితములను పరిశీలించి 2015లో ప్రచురించిరి. చీటి దక్కుట కేవలము అదృష్టము గనుక, దక్కినవారి యిండ్లును దక్కనివారి యిండ్లును ఒక్కతీరువే. అట్టివారిని పోల్చగా తెలుగులోగాని, గణితములోగాని సగటున తేడా కానరాలేదు. హిందీలో మాత్రమే ప్రయివేటు బడి పిల్లలు ముందుండిరి.

ఇది సర్కారు బడికి బిరుదుపత్రమని మురియరాదు. ప్రయివేటు బడులు పిల్లవాని తలకు మూడవవంతుకన్న తక్కువ వ్యయముతో, తెలుగునకును గణితమునకును తక్కువ కాలము కేటాయించి, ఆపాటి ఫలితమునే సాధించినవి. విద్యాశాఖవారు దీనికి సమాధానము చెప్పవలసియున్నది.

ఇంగ్లండులో 2006 నుండి కుటుంబ పరిస్థితులను గణించి పాఠశాలలకు విలువ కట్టిరి. పేదబిడ్డలనుండి తక్కువ ఆశించుటకిది సాకగునని 2010లో ఆ పద్ధతిని విడనాడ నిశ్చయించిరి. ఆ భయము వట్టిది కాదు. అయితే ఈ సవరణ పాఠశాలను తూచుటకే గాని బిడ్డను తూచుటకు గాదు. భిన్నములు రాని బాలికకు, తండ్రి కూలివాడు గనుక ఇంతే చాలునని చెప్పు హక్కు ఎవ్వరికిని లేదు.

పిల్లలు ఆరవ తరగతిలో చేరిననాడు వారికేమి వచ్చునో పరీక్షించి, పదవ తరగతి ఫలితము ప్రక్కన దానిని ప్రభుత్వము ప్రకటింపవలయును. నడుమ బడి మానినవారి సంఖ్యను సైతము దాచక చేర్పవలయును. లేనిచో, వెనుకబడినవారిని పరీక్షకు ముందే సాగనంపిన పాఠశాలయే నూటికి నూరు సాధింపగలదు.