పదో తరగతితో సరి!

మొన్న ఎల్.బి.నగర్‌లో తెలిసినవాళ్లింట బారసాలకి వెళ్లాను. రెండో కాన్పూ ఆడపిల్లే. పిల్ల ముద్దబంతి పువ్వులా ఉంది. బాలింత మాత్రం తల దించుకుని కూర్చుంది. "వాళ్ల పుట్టింటి వరసే అంతండీ, అన్నీ ఆడకాన్పులే" అని అత్తగారు వచ్చినవాళ్లందరితోనూ అంటున్నారు. కొడుకు పక్కనే ఉన్నాడు. కంప్యూటర్ ఇంజనీరు. నోరు విప్పితే ఒట్టు!

ఆ అబ్బాయి పదో తరగతిలో జీవశాస్త్రం చదవలేదంటారా? చదివాడు. తల్లి నుంచి వచ్చేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే, ఎక్సో వైయో తేల్చేది తండ్రి వీర్యకణమేనని గీతలు గీసి మార్కులు తెచ్చుకునే ఉంటాడు. నెట్టీ స్టీవెన్స్ అనే ఆవిడ 1905లోనే పురుగుల కణాల్లో పట్టుకున్న సంగతి అది. నూరేళ్లు దాటినా పరీక్ష కాగితం మీంచి మన పడకగదుల్లోకి రాలేదు.

నా తగాదా పిల్లలతో కాదు, ఆ పాఠాలు కూర్చినవాళ్లతో. పది దాటి ఎం.పి.సి.లోనో సి.ఇ.సి.లోనో చేరిన పిల్లకి జీవశాస్త్రంతో రుణం తీరిపోయినట్టే. అదే ఆఖరి పుస్తకం. దాన్ని మాత్రం బై.పి.సి.కి తొలిమెట్టుగా రాస్తారు! దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి తలెత్తండి. గోడల నిండా కోచింగ్ బోర్డులు, ర్యాంకుల ఫొటోలు. నీట్‌లో 720 మార్కులకి 360 జీవశాస్త్రానివే కనక ఆ పిల్లలు ఎలాగూ ఇంకో రెండేళ్లు అందులోనే మునిగి తేలతారు. వాళ్లకోసం మిగతావాళ్ల చేత కూడా భాగాల పేర్లు వల్లెవేయించడం ఏం న్యాయం?

మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. కడుపుతో ఉన్న ప్రతి అమ్మాయికీ డాక్టర్లు రాసే మాత్ర అది. అయితే బిడ్డ మెదడుకీ వెన్నుపాముకీ మూలమైన నాళం మూసుకునేది మొదటి నాలుగు వారాల్లోనే. నెల తప్పిందని తెలిసేసరికి ఆ పని దాదాపు అయిపోతుంది. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పుడే మాత్ర మొదలెట్టాలి. బి.కాం. చదివే పిల్లకి ఈ ముక్క ఎవరు చెబుతారు? డాక్టరు దగ్గరికి వెళ్లేసరికే ఆలస్యమాయె!

పాఠాలు తేలిక చేస్తే పిల్లలు వెనకబడిపోతారంటారు. తేలిక చెయ్యమని ఎవరన్నారు? మా అమ్మాయి మొహం ఎందుకు పాలిపోయింది, యాంటీబయాటిక్ మధ్యలో మానేస్తే ఏమవుతుంది, 2020 అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు నీళ్లు కాలనీల్లోకి వచ్చాక డెంగీ దోమ ఏ నీటిలో గుడ్లు పెడుతుంది? ఇవి తేలిక ప్రశ్నలా? డిగ్రీలో ఆర్ట్స్, కామర్స్ పిల్లలకీ ఇలాంటి పాఠం ఒక ఆరు నెలలు పెట్టండి. పరీక్షలో "ఆడపిల్ల ఎందుకు పుట్టిందో మీ నాయనమ్మకి అర్థమయ్యేలా రాయండి" అని అడగండి.

ఆ రోజు ఉండబట్టలేక అత్తగారికి నేనే చెప్పాను. ఆవిడ ఎగాదిగా చూసి, "మీరు చదివింది బి.ఏ.యే కదమ్మా, ఇవన్నీ మీకెలా తెలుసు?" అన్నారు. కొడుకు గభాలున లేచి నాకు పులిహోర ప్లేటు అందించాడు.