ఎప్పటిలాగే విదిలించుకుంటానంటే...

సమ్సోను వట్టి చేతులతో సింహాన్ని చీల్చిన బలశాలి. గాజా పట్టణపు తలుపుల్ని భుజాలపై మోసుకుపోయిన ధీరుడు. కానీ తన కోరికను మాత్రం జయించలేకపోయాడు. తిమ్నాతులో, గాజాలో, చివరికి శోరేకు లోయలో దెలీలా ఇంట్లో అతని అడుగులు ఒకే దారి పట్టాయి. ఆమె మూడుసార్లు బంధించింది, మూడుసార్లూ తెంపుకున్నాడు. నాలుగోసారీ ఎప్పటిలాగే విదిలించుకుంటాననుకున్నాడు. దేవుడు తనను విడిచాడన్న సంగతే అతనికి తెలియలేదు (న్యాయా. 16:20). ఫిలిష్తీయులు అతని కళ్లు ఊడదీసి, చెరసాలలో తిరగలి విసిరించారు.

లైంగిక వ్యసనం తీరు ఇదే. ‘ఇదే ఆఖరుసారి’ అనుకుంటూనే మనిషి మళ్లీ అక్కడికే వెళ్తాడు. నాడు సమ్సోను లోయలోకి దిగి వెళ్లాల్సి వచ్చింది. నేడు అరచేతిలోని సెల్‌ఫోనే ఆ లోయ. ఆదివారం ఆరాధనలో చేతులెత్తి స్తుతించే విశ్వాసి, అర్ధరాత్రి అదే చేత్తో అశ్లీల దృశ్యాలు వెతుకుతుంటాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన, 2022లో అమల్లోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణలో, అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనను ఒక మానసిక రుగ్మతగా చేర్చారు. కోరిక బలంగా ఉండటం రుగ్మత కాదు. ఆరు నెలలు, అంతకు మించి ఎంత ప్రయత్నించినా మానలేకపోవడం, కుటుంబం, ఉద్యోగం, ఆరోగ్యం దెబ్బతింటున్నా ఆగలేకపోవడం దాని లక్షణాలు. తప్పు చేశానన్న బాధ ఒక్కటే ఉంటే అది రుగ్మత కాదని కూడా వైద్యులు స్పష్టం చేశారు. కాబట్టి ఒకసారి తప్పటడుగు వేసిన యువకుడు తనపై రోగి అన్న ముద్ర వేసుకోనవసరం లేదు. అలాగే, రుగ్మత ఉన్నవాడు ‘నా చేతుల్లో ఏముంది?’ అని తప్పించుకోనూ కూడదు.

దీని దెబ్బ ముందుగా తగిలేది భార్యకే. ‘నాలోనే ఏదో లోపముందేమో’ అని ఆమె కుమిలిపోతుంది. రహస్యపు ఖర్చులు, అప్పులు, ఒక్కోసారి సుఖవ్యాధులు ఇల్లు చేరతాయి. అలాంటి స్త్రీతో ‘నువ్వు సరిగ్గా ఉంటే అతనెందుకు దారి తప్పుతాడమ్మా?’ అనడం గాయంపై కారం చల్లడమే. భర్త కార్చే కన్నీళ్లతో నమ్మకం ఒక్కరోజులో తిరిగిరాదు. నెలల తరబడి నిజాయితీగా నడిస్తేనే వస్తుంది.

ఇక్కడ సేవకులమైన మా పొరపాటూ ఉంది. ప్రసంగ వేదికపై ఈ పాపాన్ని ఉరిమి ఖండిస్తాం. దాంతో ఒప్పుకోవాలనుకున్నవాడు కూడా భయపడి నోరు మూసుకుంటాడు. వ్యసనానికి కావలసింది ఆ చీకటే. మౌనంగా ఉన్నంతకాలం తన ఎముకలే క్షీణించాయని దావీదు చెప్పాడు (కీర్తన 32:3). పాపాలను ఒకరితో ఒకరు ఒప్పుకొని, ఒకరికొకరు ప్రార్థించుకోమని యాకోబు బోధించాడు (5:16). లైంగిక కోరికలకు ఏళ్లతరబడి బందీ అయిన అగస్టీన్ 386లో మిలాన్ నగరపు తోటలో మారుమనస్సు పొందినప్పుడు ఒంటరిగా లేడు, మిత్రుడు అలీపియస్ వెంట ఉన్నాడు. తర్వాత తన పతనాన్ని దాచకుండా పుస్తకంగా రాశాడు.

ప్రియ సోదరా, ఈ వారమే గుట్టు కాపాడగల ఒక్క దైవభక్తుడికి నిజం చెప్పు. రాత్రివేళ ఫోన్ పడకగదిలోకి రానివ్వకు. ప్రార్థించు, మానసిక వైద్యుడినీ కలువు. వైద్యం చేయించుకోవడం అవిశ్వాసం కాదు. ప్రభుత్వ ‘టెలి మానస్’ సేవ 14416 నంబరులో ఉచితంగా అందుతోంది.

చెరసాలలో సమ్సోను తలవెంట్రుకలు మళ్లీ మొలిచాయి (న్యాయా. 16:22). దేవుని కృప అంత గొప్పది. కానీ పోయిన కళ్లు మాత్రం తిరిగిరాలేదు. కళ్లుండగానే తిరిగి రావడం మేలు.