ఎరువు సొమ్ము బరువు చేటు

కెనడాలో 1997లో 'ది ఆరో' యను చిత్రమును టెలివిజనులో ప్రదర్శించిరి. తమవారు నిర్మించిన యుద్ధవిమానమును 1959లో తమ ప్రభుత్వమే రద్దుచేసి, ఉన్నవానిని ముక్కలు చేయించిన కథ యది. చిత్రాంతమున నొక విమానము తప్పించుకొని యెగిరిపోవును. నిజమున నొక్కటియు మిగులలేదు.

ఖానాపూరు గ్రంథాలయ సోదరులారా! అట్టి కల్పితపు టూరట మనకు వలదు. జర్మను శిల్పి కుర్ట్ టాంక్ నాయకత్వమున బెంగుళూరులో రూపొందిన మన 'మారుత్' 1961 జూన్ 17న ఆకాశమున కెగసెను. దేహము మనది, యంత్రము పరులది. తగిన యంత్రము సమకూరక 147 విమానములతోనే దాని కథ ముగిసెను. నేటి 'తేజస్' నకును అమెరికా యంత్రమే గతి. మన 'కావేరి' యంత్రమును 2008లో దానినుండి వేరుచేసిరి.

కొనుటయే చౌక యందురు కొందరు. 1998లో పోఖ్రాను పరీక్షల పిదప అమెరికా తేజస్ పనికి సాయము నిలిపివేసెను. అమ్మువాడు తలుపు మూసిననాడు చౌక యెక్కడిది?

గోదావరి కావలియొడ్డున కోనసముద్రమున మన కమ్మరులు కాచిన యుక్కుకై పారశీక వర్తకులు వచ్చెడివారు. ఆ కొలిమి చల్లారినది. పూర్వవైభవమును తలచి మురియుట చాలును. యంత్రమునకు ద్రవ్యమెంత, గడువెంత యని మన ప్రతినిధులను నిలదీయుదము. కొలిమి రాజేయని జాతికి కత్తి యెప్పుడును ఎరువే.