ఆరు నెలల సావాసము



“ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు” అని మన పెద్దలు అనేవారు. ఈ మాట బరువు నాకు ఆలస్యంగా తెలిసింది.

మా సంఘస్థుడు ఒకాయన తాగుడు మానడానికి పట్నంలో నెల రోజులు చికిత్స పొంది, ఆరోగ్యంగా తిరిగి వచ్చాడు. అందరమూ సంతోషించాము. మూడు వారాలకే మళ్లీ తాగాడు. “నీకు మనసు గట్టిది కాదు” అని నేను గద్దించాను. అప్పుడు ఆయన భార్య నెమ్మదిగా అన్నది: “అయ్యగారూ, పని నుండి వచ్చే దారిలోనే బ్రాందీ షాపు. మేస్త్రీ కూలి పంచేది దాని ముందే. రమ్మని పిలిచేవాళ్లంతా చుట్టాలే. ఈయన ఒక్కడే ఎన్నాళ్లు కాదంటాడు?” నాకు జవాబు దొరకలేదు.

ఆమె మాటకు పెద్ద రుజువే ఉన్నది. వియత్నాం యుద్ధానికి వెళ్లిన అమెరికా సైనికులు చాలామంది అక్కడ హెరాయిన్ అనే మత్తుమందు మరిగారు. 1971లో ఇంటికి చేరినవారిని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు విచారించారు. ఇంచుమించు ఐదుగురిలో ఒకరు అక్కడ దానికి బానిసలయ్యామని చెప్పారు. అయితే ఇంటికి వచ్చిన మొదటి సంవత్సరంలో, అలా బానిసలైనవారిలో నూటికి ఐదుగురు మాత్రమే మళ్లీ ఆ స్థితికి వెళ్లారు. మనుష్యులు వారే. చౌకగా దొరికే మత్తు, యుద్ధభయము, కలిసి పీల్చే స్నేహితులు వెనుక ఉండిపోయారు. మనమైతే మన సహోదరుని బాగుచేయించి, మళ్లీ పాత దారిలోనే వదిలాము.

మరి ఊరు విడిచి వెళ్లలేనివారి సంగతేమిటి? ఊరి తీరే మార్చవచ్చునని 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు చూపించారు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆ తల్లులు ఒక్కటై సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. దానితో తాగుడు పూర్తిగా పోలేదు, నిజమే. కాని తాగడమే మగతనమనే ఊరి మాటకు ఎదురు నిలిచే ధైర్యం ఇల్లాండ్రకు వచ్చింది.

మనిషికి బాధ్యత లేదని నేను చెప్పడం లేదు. అడుగు వేయవలసింది అతడే. ఆ దారిని తేలిక చేయవలసినవారము మనము. ఇప్పుడు సాయంకాలం మా పెద్దలిద్దరు ఆయనతో కలిసి ఇంటివరకు నడుస్తున్నారు. కూలి ఇంటి దగ్గరే ఇమ్మని మేస్త్రీని బతిమాలాము.

మీ వీధిలో అటువంటివాడు ఉన్నాడా? గద్దించే ముందు, సాయంకాలం అతని పక్కన ఎవరు నడుస్తున్నారో చూడండి.