రాబడి లేని ఆటలు

విద్యాలయంలో తరగతి గదికి ఎంత విలువ ఉందో ఆటస్థలానికీ అంతే విలువ ఉందని విద్యావేత్తలు చెబుతారు. ఈ మాటను ఆచరణలో పెట్టి, క్రీడలను విశ్వవిద్యాలయ జీవితంలో భాగం చేసిన దేశం అమెరికా. ఆ దేశపు ఒలింపిక్ క్రీడాకారుల్లో అత్యధికులు విశ్వవిద్యాలయ జట్లలో ఆడి రాటుదేలినవారే. అయితే నేడు అక్కడే ఒక ప్రశ్న తలెత్తింది. డబ్బు తెచ్చిపెట్టని ఆటలను విశ్వవిద్యాలయాలు ఎందుకు పోషించాలి?

అక్కడ ప్రధానంగా రాబడినిచ్చేవి అమెరికన్ ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్. మిషిగన్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చొని ఆట చూడవచ్చు. టికెట్ల అమ్మకం, టెలివిజన్ ప్రసార హక్కులు ఆ ఆటకు కోట్ల డాలర్లను సమకూరుస్తాయి. ఈత, కుస్తీ, కత్తిసాము, పడవ పందేలు వంటి వాటికి ఆ భాగ్యం లేదు. శిక్షకుల జీతాలు, ప్రయాణాలు, ఉపకార వేతనాలు అన్నీ వాటికి ఖర్చులే.

అందుకే లోటు ఏర్పడగానే వేటు మొదట వీటిపైనే పడుతుంది. 2020 జులైలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తన 36 క్రీడల్లో 11 క్రీడలను ఆ విద్యాసంవత్సరం తరువాత రద్దు చేస్తున్నట్లు ప్రకటించింది. వాటిలో కుస్తీ ఒకటి. 2021 మార్చిలో ఆ విశ్వవిద్యాలయ విద్యార్థి షేన్ గ్రిఫిత్ జాతీయ పోటీల్లో 165 పౌండ్ల విభాగంలో విజేతగా నిలిచాడు. ఆనాడు అతడు ధరించిన నల్లని దుస్తులపై విశ్వవిద్యాలయం పేరు లేదు. తనను వద్దనుకున్న సంస్థకే అతడు కీర్తి తెచ్చాడు. పూర్వ విద్యార్థులు విరాళాల హామీతో ముందుకు వచ్చారు. కొందరు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. చివరకు 2021 మే నెలలో విశ్వవిద్యాలయం తన నిర్ణయాన్ని ఉపసంహరించుకొంది.

రద్దు కోరేవారి వాదనను తేలికగా తోసిపుచ్చలేం. అనేక విశ్వవిద్యాలయాల్లో క్రీడల లోటును పూడ్చడానికి విద్యార్థుల నుంచి రుసుము వసూలు చేస్తారు. అప్పు చేసి చదువుకునే విద్యార్థి, తాను ఎన్నడూ చూడని పడవ పందేలకు ఎందుకు చెల్లించాలన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ లోటుకు కారణం నిజంగా ఈ చిన్న ఆటలేనా? ఫుట్‌బాల్ శిక్షకుల్లో ఏడాదికి కోటి డాలర్లకు పైగా జీతం అందుకున్నవారున్నారు. ఫుట్‌బాల్ ప్రసారాల ఆదాయం కోసమే 2024లో పసిఫిక్ తీరంలోని స్టాన్‌ఫర్డ్, అట్లాంటిక్ తీర విశ్వవిద్యాలయాల సమాఖ్యలో చేరింది. దానితో ఇతర ఆటల విద్యార్థులు కూడా ఖండం ఈ చివరి నుంచి ఆ చివరికి ప్రయాణించవలసి వచ్చింది. పెద్ద ఆట పెంచిన ఖర్చుకు చిన్న ఆటను దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

ముందున్న కాలం మరింత కఠినమైనది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఒక్కొక్క విశ్వవిద్యాలయం తన క్రీడాకారులకు తొలి ఏడాది 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా చెల్లించవచ్చు. చెమటోడ్చి రాబడి తెచ్చే ఆటగాడికి అందులో వాటా దక్కడం సమంజసమే. అయితే ఆ భారాన్ని ఈతగాళ్ల మీదికి, మల్లుల మీదికి నెట్టడం మాత్రం తగదు. విద్యాలయాల్లో స్త్రీపురుష వివక్షను నిషేధించిన 1972 నాటి చట్టం వల్ల అక్కడి మహిళలకు క్రీడారంగంలో తలుపులు తెరుచుకున్నాయి. ఆనాడు ఆ అవకాశాలను లాభనష్టాలతో తూచి ఉంటే ఆ తలుపులు మూసే ఉండేవి.

కాబట్టి చేయవలసింది రద్దు కాదు, పొదుపు. రాబడి లేని ఆటల పోటీలను సమీప విశ్వవిద్యాలయాల మధ్యనే నిర్వహించవచ్చు. విరాళాలతో శాశ్వత నిధిని ఏర్పరచవచ్చు. శిక్షకుల జీతాల పోటీకి కళ్లెం వేయవచ్చు. తత్త్వశాస్త్రం, సంగీతం లాభాలు తేవడం లేదని ఆ శాఖలను మూసివేయడం ఏ విశ్వవిద్యాలయానికీ గౌరవం కాదు. ఆటకూ ఆ న్యాయమే వర్తించాలి. ఎంత సంపాదించిపెట్టిందన్నది వ్యాపారి వేసే ప్రశ్న. ఎలాంటి మనిషిని తీర్చిదిద్దిందన్నది విద్యాలయం వేసుకోవలసిన ప్రశ్న.