మైకు లేని మెహ్‌ఫిల్

లండన్‌లో చదువుకుంటున్న మన పిల్లలకు ఈద్ ముబారక్ చెప్పేటప్పుడు ఈమధ్య ఇంకో మాట కూడా కలుపుతున్నాను: "బేటా, విగ్మోర్ హాల్‌కి ఒక్కసారి వెళ్లి రా." అవతల నవ్వు. "అక్కడ ముసలి గోరాలు సూట్లేసుకుని కూర్చుంటారు చాచా, మనకేం పని?" ఆ 'మనకేం పని' మీదే నా తకరార్.

మౌసీఖీ జాయిజా, నాజాయిజా అన్న బహస్ నేనిక్కడ తెరవను. ఆ ఇఖ్తిలాఫ్ చాలా పాతది, ఎవరింట్లో వాళ్లు తేల్చుకోవాలి. నేను మాట్లాడుతున్నది పెళ్లికి డీజే పెట్టే ఇళ్లతో, కారెక్కగానే పాట పెట్టే ఇళ్లతో, రాత్రిళ్లు ఫోన్‌లో ఖవ్వాలీలు వినే ఇళ్లతో. అంటే మనలో చాలామందితో.

ముందు ఆ హాలు తారీఖ్ కొంచెం. బెక్‌స్టైన్ అనే జర్మన్ పియానో కంపెనీ లండన్‌లో తన షోరూమ్ పక్కనే దాన్ని కట్టించింది. 1901 మే 31న మొదటి కచేరీ. మొదటి ప్రపంచ యుద్ధంలో దుష్మన్ ఆస్తి కింద లాక్కుని, 1916లో వేలం వేశారు. డెబెన్‌హామ్స్ దుకాణంవాళ్లు 56,500 పౌండ్లకు పాడుకున్నారు. మరుసటి ఏడాది పాత పేరు చెరిపేసి, వీధి పేరుతో మళ్లీ తెరిచారు. సీట్లు సుమారు 550. మన వలీమాల్లో రెండు మూడు పంక్తులకు సరిపోయే జనం, అంతే. అయినా ఏడాదికి 500కు పైగా కచేరీలు. సెప్టెంబర్ నుంచి జులై దాకా సీజన్. రాబోయే కచేరీల జాబితా ఎప్పుడు తెరిచినా ఒక్క పియానోతోనో, ఒక్క వయొలిన్‌తోనో వచ్చే దేశదేశాల ఫన్‌కార్లు కనిపిస్తారు. బుడాపెస్ట్‌లో పుట్టిన ఆండ్రాష్ షిఫ్, జపాన్‌లో పుట్టిన మిట్సుకో ఉచిదా లాంటివాళ్లు ఏళ్ల తరబడి వాయిస్తూ వచ్చిన వేదిక అది.

అక్కడ ఈ ఫన్‌కార్ల ముందు మైకు ఉండదు. రేడియో కోసం పెట్టేది వేరు, హాల్లో కూర్చున్నవాడి చెవికి స్పీకర్ అడ్డురాదు. చెక్క, తీగ, వేలు, ఆ గది గోడలు, ఇంతే. కాబట్టి వినేవాడు కూడా పని చేయాలి, ఖామోష్‌గా ఉండాలి. మన దగ్గర ముషాయిరా అయినా, నాతియా మెహ్‌ఫిల్ అయినా, ఆఖరికి పది మంది కూర్చున్న డ్రాయింగ్ రూమ్‌లో గజల్ అయినా, మనిషంత సౌండ్ బాక్సులు రెండు దిగవలసిందే. ఎకో లేకపోతే షాయర్ సాబ్‌కి గొంతే పెగలదు! చెవులు మొద్దుబారాయని మనకు తెలియడం లేదు.

షిఫ్ గురించి ఒక మాట. ఏం వాయిస్తాడో కొన్నేళ్లుగా ఆయన ముందు చెప్పడం మానేశాడు. స్టేజీ మీదికొచ్చి, అప్పటికప్పుడు చెప్పి, వాయిస్తాడు. పాశ్చాత్య కచేరీకి అది వింత. మనకు కాదు. సామెయీన్ ముఖాలు చూసి, ఆ పూట మిజాజ్ చూసి రాగం ఎత్తుకోవడం మన ఉస్తాదుల ఆదత్. 'అది మనది కాదు' అనే పిల్లలకు నేను చెప్పేది ఇదే. తేడా లేదని కాదు. మన దగ్గర మిస్రా మధ్యలోనే 'వాహ్ వా' పడుతుంది, అక్కడ మూడు నాలుగు భాగాల సొనాటా పూర్తయ్యేదాకా చప్పట్లు కొట్టరు. దాద్ అంతా ఆఖర్న ఒక్కసారే. పక్కవాళ్లు కొట్టినప్పుడు కొట్టండి, బస్.

ఇక పైసా సంగతి, అసలు నొప్పి ఇక్కడే. కసూర్‌లో పుట్టిన ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ 1968లో మన హైదరాబాద్‌లోనే, బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు. చివరి రోజుల్లో ఆయన్ని ఆదుకున్నది ఒక నవాబు గారి కుటుంబం. ఆ నవాబులు పోయారు. వాళ్ల స్థానంలో ఎవరు రావాలి? వినేవాళ్లే రావాలి, రాలేదు. వేదికకు పూల అలంకరణ అంటే మాట్లాడకుండా లక్షలిచ్చే మనవాళ్లే, ఖవ్వాల్ పార్టీ దగ్గర మాత్రం రెండు వేల కోసం అరగంట బేరమాడతారు. నేను చూశాను, ఒకసారి కాదు.

విగ్మోర్ హాల్‌వాళ్లు 2026 ఏప్రిల్ నుంచి ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ ఇచ్చే ప్రభుత్వ గ్రాంటు తీసుకోబోమని 2025లోనే ప్రకటించారు. టికెట్లు, చందాలు, వినేవాళ్ల జేబు మీద నిలబడతామన్నారు. అందరూ అలా చేయగలరని అనను, లండన్ డబ్బున్న ఊరు. కానీ అంతకుముందే తమ సామెయీన్‌ని తయారుచేసుకున్నారు. 35 ఏళ్లలోపు వాళ్లకు ఎన్నో కచేరీలకు 5 పౌండ్ల టికెట్ పెట్టారు. 2020 జూన్‌లో, లాక్‌డౌన్‌లో ఖాళీ హాలు నుంచి కచేరీలు ప్రసారం చేశారు. ఇప్పటికీ ఎన్నో కచేరీలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. నల్గొండలో ఉన్నా, కర్నూల్లో ఉన్నా ఒక ఆదివారం టీవీకి తగిలించి చూడండి, కాకపోతే ఫోన్లు పక్క గదిలో పెట్టి.

లండన్ పిల్లలకు: సోమవారం మధ్యాహ్నం ఒంటిగంట కచేరీతో మొదలుపెట్టండి. గంటలో అయిపోతుంది, మధ్యలో విరామం ఉండదు. బాండ్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి నడవొచ్చు. సూట్ అక్కర్లేదు. చలికాలంలో అయితే జొహర్ చదువుకునే వెళ్లండి, బయటికొచ్చేసరికి వక్త్ మిగలదు.