పూలతోట నీరు పోయేదెక్కడికి?

కడియం, కడియపులంక అనగానే పూలు, నర్సరీలు గుర్తుకు వస్తాయి. గోదావరి కాలువ నీరు, ఒండ్రు నేల అక్కడ ఎన్నో కుటుంబాలకు కూడు పెడుతున్నాయి. ఆ సాగును తప్పు పట్టనక్కరలేదు. అయితే తోటకు పెట్టిన నీరంతా తోటలోనే ఇంకిపోదు. మిగిలినది బోదెల గుండా మురుగు కాలువలో పడుతుంది. దాని వెంట ఏమేమి పోతున్నాయో రైతు సోదరులు ఆలోచించాలి.

కూరగాయలకు మందు కొట్టేటప్పుడు తినేవాడు గుర్తుకు వచ్చి చేయి కొంత వెనుకాడుతుంది. పువ్వును తినేదెవరు? రేకు మీద మచ్చ పడితే ధర పడిపోతుంది. అందుకే తామర పురుగుకని, నల్లికని మందు మీద మందు పడుతుంది. సైపర్‌మెత్రిన్ వంటి మందు నీటిలో రవంత కలిసినా చేపలకు, రొయ్యలకు ప్రాణాంతకం. స్ప్రేయరును కాలువ రేవులో కడిగితే ఆ మందు నేరుగా వాటి నోటికి అందించినట్టే.

ఎరువుల సంగతీ అంతే. మొక్క తీసుకోగా మిగిలిన నత్రజని, భాస్వరం కాలువలో గుర్రపుడెక్కను, నాచును పెంచుతాయి. అవి కుళ్ళినప్పుడు నీటిలో ప్రాణవాయువు తరిగిపోతుంది. తెల్లవారుజామున బొచ్చె, శీలావతి పైకి తేలి నోళ్ళు తెరవడానికి కారణం ఇదే. వేసవిలో కాలువలు కట్టేస్తే పారుదల లేక ఈ బాధ మరీ ఎక్కువవుతుంది.

నేరమంతా పూలతోటలదే కాదు. వరిచేల నీరు, చేపల చెరువుల నీరు, ఊరి మురుగు కూడా అందులోనే కలుస్తున్నాయి. కాని ఒకరిని చూపి మరొకరు తప్పుకుంటే నీరు బాగుపడదు. సప్తగోదావరులలో ఒకటిగా పెద్దలు చెప్పిన తుల్యభాగ పేరు నేడు ఒక మురుగు కాలువకు మిగిలింది. అటువంటి కాలువల దిగువనే కోరింగ మడ అడవులున్నాయి. చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరిగేది అక్కడే. వాటినే నమ్ముకుని వేటకు పోయే కుటుంబాలున్నాయి.

చేయవలసినవి కష్టమైన పనులు కావు. స్ప్రేయరును తోటలోనే కడిగి, ఆ నీటిని మందు కొట్టిన మొక్కలకే పోయాలి. కాలువ గట్టు పక్కన రెండు మూడు గజాల మేర గడ్డి వదలాలి. నీరు బయటకు పోయేచోట చిన్న గుంట తవ్వి జమ్ము పెంచితే మట్టి, ఎరువు చాలావరకు అక్కడే ఆగుతాయి. మబ్బు పట్టినప్పుడు ఎరువు చల్లరాదు. అమ్ముడుపోని పూలను కాలువలో పారబోయక పెంటకుప్పలో వేస్తే మంచి ఎరువవుతుంది.

అధికారులు కూడా కాలువ నీటిని ఏడాదికి రెండుసార్లయినా పరీక్ష చేయించి, ఫలితాలను పంచాయతీ బోర్డు మీద అందరికీ తెలిసేలా రాయించాలి. డెల్టాలో కాలువ నీటిని చెరువుకు పెట్టుకుని తాగే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. పై ఊరి తోట వదిలిన నీరే కింది ఊరి బిందెలోకి వస్తుందని మరువరాదు.